నాలుగూ ఇరవై

జూలై 24, 2024

వంటింటి గోడకున్న సిమెంట్ ఊడగొట్టడం ఇవాళ్టికి పూర్తయింది. ఎవరో మహానుభావుడు ముప్పై ఏళ్ళ కిందట రాతిగోడకి సిమెంట్ పట్టించి పోయాడు. ఊపిరాడక గోడ లోపల్లోపలే నానిపోయింది. ఇక సున్నమే పూయాలి. మేస్త్రీ బాస్టిడ్ పది రోజుల పని అంటున్నాడు. ఆయన పది రోజులంటే ఎన్నో ఈ ఏడాదిలో నాకు బాగానే తెలిసొచ్చింది.

అమ్మ ఆగస్టు నాలుగున వస్తుంది. తమ్ముడు రెజిస్ కారులో తీసుకొస్తాడు. రెండు వారాలుంటారు. ఇల్లు నచ్చితే అమ్మ ఇక్కడే నా దగ్గర ఉండిపోతుంది. నచ్చకపోతే సెప్టెంబరు నుంచి దిజోన్ నగరంలో వృద్ధాశ్రమం. రెజిస్ అక్కడ గది కూడా చూసిపెట్టాడు. పెద్ద కిటికీ ఉందట. కిటికీలో నుంచి కార్లు నిలిపే చోటు కనిపిస్తుంది.

అమ్మ పుట్టిన ఇల్లిది. తొమ్మిదేళ్ళప్పుడు వెళ్ళిపోయి మళ్ళీ ఈ గడప తొక్కలేదు. దీన్ని కొంటున్నానని చెప్పగానే, పొయ్యి మీద పాలున్నాయంటూ ఫోన్ పెట్టేసింది. సంతోషం పట్టలేక అనుకుంటా.

జూలై 27

కొట్టంలో గోనెపట్టాల కింద నిలువు గడియారం దొరికింది. నాకంటే ఎత్తు. డయల్ మీద పువ్వులు, లోలకం ఇత్తడిది. ముళ్ళు నాలుగూ ఇరవై దగ్గర ఆగి ఉన్నాయి. ఇల్లు అమ్మినవాళ్ళు కూడా దీని మాట ఎత్తలేదు.

లోపలికి మోయడానికి సాయం పట్టమంటే బాస్టిడ్ చేతులు తుడుచుకుంటూ నిలబడ్డాడు. దాన్ని అక్కడే ఉండనివ్వండి మేడమ్, మా నాన్న కూడా దాని జోలికి పోవద్దనేవాడు అన్నాడు. ఎందుకూ అంటే, ఏమో, పాతవాళ్ళ మాట అని తప్పించుకున్నాడు. బరువు మోయడానికి బద్ధకం, ఇంకేముంది. పట్టుబట్టి మోయించాను.

ఆగస్టు 1

గడియారాలు బాగుచేసే ముసలాయన వచ్చాడు. తలుపు తీసి చూసి, దీనికేమీ రోగం లేదమ్మా, ఎవరో చేత్తో ఆపారంతే అన్నాడు. దుమ్ము దులిపి, నూనె వేసి, లోలకాన్ని వేలితో తోశాడు. నడిచింది.

చేత్తో ఎందుకు ఆపుతారో నాకేం తెలుసు. పట్నంలో పెరిగినదాన్ని. అమ్మ గుమ్మంలో అడుగు పెట్టగానే ఈ టిక్కుటిక్కు వినిపించాలని మాత్రం మురిసిపోయాను.

ఆగస్టు 4, సాయంత్రం

వచ్చారు.

అమ్మ కారు దిగి, కర్ర పట్టుకుని, గుమ్మం దాకా బాగానే నడిచింది. గడప దగ్గర ఆగిపోయింది. తల కొంచెం పక్కకి వంచి విన్నది. ఎవర్ని పూడ్చారు అని అడిగింది.

నాకు అర్థం కాలేదు. అమ్మా, నిన్ను ఆశ్చర్యపరుద్దామని గడియారం నడిపించాను అన్నాను. పిచ్చిదానా, నువ్వు స్మశానం నుంచి వచ్చి నడిపించావా అంది. కుర్చీ ఇస్తే వద్దంది. సరాసరి వెళ్ళి గడియారం తలుపు తీసి, లోలకాన్ని పట్టుకుని ఆపింది. ముళ్ళని వేలితో వెనక్కి తిప్పి నాలుగూ ఇరవై దగ్గర పెట్టింది. ఆ తరువాతే కూర్చుంది.

అమ్మ బట్టల పెట్టె పైగదికి చేరుస్తానన్నాడు రెజిస్. గుమ్మం పక్కనే ఉండనీరా అంది.

ఆగస్టు 5

పొద్దున కాఫీలో రొట్టె ముంచుకుంటూ, గోడ వైపు చూస్తూ చెప్పింది. మాకు ఒక పిన్ని ఉందట. ఉండేదట. లుసెట్. ఐదేళ్ళది. 1949 ఫిబ్రవరిలో మంచు కురిసే రోజు స్కూలు నుంచి వస్తూ తప్పిపోయింది. మూడు రోజులు ఊరంతా అడవిలో వెతికింది. మూడో రోజు మగవాళ్ళు ఉత్త చేతులతో తిరిగొచ్చినప్పుడు నాలుగూ ఇరవై. అమ్మమ్మ లేచి గడియారం ఆపింది.

ఇక్కడ ఇంట్లో చావు జరిగితే గడియారం ఆపుతారు. పాతిపెట్టి వచ్చాక ఇంట్లోకి ముందు అడుగు పెట్టినవాళ్ళు నడిపిస్తారు. లుసెట్‌ని ఎవరూ పాతిపెట్టలేదు. పిల్ల దొరికేదాకా దాన్ని ముట్టుకోవద్దని ఇల్లు కొన్నవాళ్ళకి చెప్పి మరీ వెళ్ళింది అమ్మమ్మ. వాళ్ళు డెబ్బై అయిదేళ్ళు ఆ మాట మీద నిలబడ్డారు. నేను వారంలో చెడగొట్టాను.

అరవై ఒక్కేళ్ళొచ్చాయి నాకు. పిన్ని పేరు ఇవాళ విన్నాను. అమ్మ మీద కోపం వచ్చింది. ఆ కోపానికి సిగ్గూ వేసింది.

ఆగస్టు 7, మధ్యాహ్నం మూడింటికి

భోజనం బల్ల దగ్గర ముగ్గురం ఉన్నాం. ఆపేసిన గడియారం ఒక్కసారి టిక్కుమంది. గాలికి కదిలుంటుంది అక్కా అన్నాడు రెజిస్. కిటికీలు మూసే ఉన్నాయి.

ఆగస్టు 8

మళ్ళీ. ఈసారి రెండు.

ఆగస్టు 10

రెజిస్ నన్ను పెరట్లోకి తీసుకెళ్ళి, అమ్మ ఇక్కడ తిండి తినడం లేదు, నిద్రపోవడం లేదు, నీ సరదా కోసం ఆమెని చంపుకుంటావా అన్నాడు. బుధవారమే తీసుకెళ్ళిపోతాడట. నేనూ నోటికొచ్చింది అన్నాను. నీ కిటికీ ఉందిగా, కార్లు చూపించు పో అన్నాను. కానీ వాడు చెప్పింది నిజమే. పెట్టె ఇంకా గుమ్మం పక్కనే ఉంది. అమ్మ రోజూ ఉతికిన బట్టలు మడిచి అందులోనే పెట్టుకుంటోంది.

ఆగస్టు 12

సెప్టిక్ ట్యాంక్ గొయ్యి కోసం బాస్టిడ్ పెరటి దిగువన మేకులు పాతి, దారం కట్టాడు. అక్కడ ఒకప్పుడు పశువులు నీళ్ళు తాగే గుంట ఉండేదట. అమ్మమ్మ దగ్గర ఇల్లు కొన్నవాళ్ళు రాళ్ళేసి పూడ్చారట.

దారం చూసిన అమ్మ నడుచుకుంటూ కిందకి వెళ్ళింది. ఈ వారంలో ఇంటి బయటికి రావడం అదే మొదలు. మేకుల పక్కన చాలాసేపు నిలబడింది. గొయ్యి ఇంకోచోట తవ్వమంటుందేమోనని బాస్టిడ్ టోపీ తీసి వెయిట్ చేస్తున్నాడు. ఇక్కడే తవ్వు నాయనా, మెల్లగా తవ్వు, మిషన్ పెట్టకు అంది.

తరువాత నా చెయ్యి పట్టుకుని చెప్పింది. ఆ రోజు అట్ల పండగ, ఇక్కడ ఫిబ్రవరి మొదట్లో ఇంటింటా అట్లు వేస్తారు. దారిలో ఒక స్నేహితురాలి ఇంట్లో వేడి వేడి అట్లు వేస్తున్నారు. లుసెట్ ఇంటికి పోదాం అని అమ్మ కోటు పట్టి లాగింది. అది ఎప్పుడూ అంతే, నాకంటే ముందు పరిగెత్తాలి దానికి అంది అమ్మ. విసుక్కుని, పో, ముందు నువ్వే పో అందట. మూడు అట్లు తిన్నదట. బయటికి వచ్చేసరికి మంచు మీద చిన్న చెక్కబూట్ల గుర్తులు ఇంటి వైపు కాకుండా గుంట వైపు తిరిగి ఉన్నాయి. వెనక్కి వచ్చిన గుర్తులు లేవు.

చూశావా అని అడిగాను. చూశాను అంది. ఇంటికొచ్చి, అడవి దగ్గర చెయ్యి విడిపించుకుని పారిపోయిందని చెప్పాను అంది. చీకటిపడేసరికి మంచు అన్నిటినీ కప్పేసింది.

అప్పుడు అమ్మ తొమ్మిదేళ్ళ పిల్ల. దగ్గరికి తీసుకున్నాను. ఆమె ఒళ్ళు కర్రలా బిగుసుకుపోయి ఉంది.

ఆగస్టు 13, మధ్యాహ్నం

పారతోనే తవ్వారు. మనిషి లోతున నల్లటి బురద తగిలింది. బాస్టిడ్ గోతిలో నుంచి నన్ను పిలిచాడు. అమ్మని కాదు, నన్ను. ఆయన అరచేతిలో చెక్కబూటు. పైన ఒక తోలుపట్టీ, రెండు మేకులు. జానెడు కూడా లేదు.

అమ్మ అప్పటికే నా వెనక నిలబడి ఉంది. ఆ తోలు మా నాన్న బెల్టుది అంది.

పోలీసులకి ఫోన్ చేశాను. రేపు బయల్దేరాల్సినవాడు రెజిస్, ప్రయాణం ఆపేసుకున్నాడు. సాయంత్రం వాడే ఉల్లిపాయ సూప్ చేశాడు. అమ్మ తాగింది.

ఆగస్టు 15

రెండో బూటూ దొరికింది. ఒక బొత్తాం. ఇంకా దొరికినవి నేను రాయను.

ఆగస్టు 16, పొద్దున

పోలీసులు అన్నీ తీసుకెళ్ళారు. కాగితాలన్నీ అయ్యేసరికి అక్టోబరు అవుతుందట. రెజిస్ ఒక్కడే తిరిగి వెళ్ళాడు. ఇక్కడే ఉండిపోతానని కాదు, లుసెట్‌ని సాగనంపేదాకా ఉంటాను అంది అమ్మ. పెట్టె మాత్రం గుమ్మం దగ్గరే.

సెప్టెంబరు 20

గోడ తెల్లగా ఆరింది. వృద్ధాశ్రమం గది ఇంకొకరికి ఇచ్చేశారట. రెజిస్ ఇంకోటి వెతుకుతానన్నాడు. అమ్మ వద్దనలేదు.

గడియారం ఈ నెలంతా చప్పుడు చేయలేదు. అదే నాకు ఎక్కువ భయంగా ఉంది.

అక్టోబరు 30, మధ్యాహ్నం, చర్చి బయట

ఆరు ఊళ్ళకి ఒక్క ఫాదర్. అయినా మా కోసం వీలు చేసుకున్నారు. మూడింటికి పూజ, తరువాత అమ్మమ్మ సమాధిలోనే పెట్టడం. చిన్న శవపేటిక. బాస్టిడ్ చేశాడు, చెర్రీ చెక్కతో, ఒక్క పైసా తీసుకోలేదు. గుమ్మం నిండా ఊరివాళ్ళు తెచ్చిన చామంతులు.

బయల్దేరే ముందు అమ్మ గడియారం తలుపు తీసి లోలకం కదలకుండా ఉందో లేదో చూసుకుంది. రాగానే నా చేత్తోనే తోస్తాను, ముందు నన్ను లోపలికి వెళ్ళనివ్వండి అని అందరికీ మరీ మరీ చెప్పింది. ఇంటికి నేనే తాళం వేశాను. బాస్టిడ్, రెజిస్ మాతోనే ఉన్నారు.

అదే రోజు, సాయంత్రం

అమ్మ నడకకి స్మశానం నుంచి ఇంటికి అరగంట పట్టింది. తాళం తీశాను. అమ్మే ముందు అడుగు పెట్టింది.

గడియారం నడుస్తోంది. నాలుగూ ఇరవై నుంచి కదిలి, ఇప్పుడు నాలుగూ ముప్పై రెండు చూపిస్తోంది.

తాళంచెవి నా చేతిలోనే ఉంది. అమ్మ లోలకం దగ్గరికి వెళ్ళి చెయ్యి చాపి, ముట్టుకోకుండా వెనక్కి తీసుకుంది. ఈసారి మనకంటే ముందే ఇంటికొచ్చేసింది అంది.

తరువాత గుమ్మం పక్కనున్న తన బట్టల పెట్టెని పైగదికి తీసుకెళ్ళమంది రెజిస్‌ని.