తాళం వేసిన చెయ్యి

మార్చి 3

నరాల డాక్టర్ ఐదు మాటలు చెప్పి, పది నిమిషాలాగి తిరిగి అడిగాడు. రెండే చెప్పగలిగాను. నాకు యాభై ఒకటి. పక్కనున్న చెల్లెలు మొహం తిప్పుకుంది. జాలి. నాకు ఒళ్లు మండింది.

ఈ మధ్య పెద్ద షాక్ ఏమైనా తగిలిందా అన్నాడు. ఈ మధ్య ఏమిటి, తొమ్మిదేళ్లుగా తగులుతూనే ఉందన్నాను. కుట్టు ఫ్యాక్టరీ తగలబడ్డ రోజు నుంచి నాకు సరిగ్గా నిద్ర లేదు. ఎవరింట్లోనైనా ఇస్త్రీ వాసన వస్తే మెట్లు దిగి రోడ్డు మీదికి పరిగెడతాను. అన్నేళ్లు భయం ఒంట్లోనే ఉండిపోతే మెదడు దెబ్బతినే ప్రమాదం పెరుగుతుందట. కానీ నా జబ్బుకు అదే కారణమని రాసివ్వలేడట. రాసివ్వలేనివాడు చెప్పడం దేనికి?

మార్చి 9

మరిచిపోకముందే రాస్తున్నాను. మేం బట్టలు ఎత్తుకుపోతామని సూపర్‌వైజర్‌కు అనుమానం. వెనక తలుపుకు తాళం వేసి, తాళంచెవి చొక్కా జేబులో పడేసుకున్నాడు. పొగ రాగానే ముందు తలుపులోంచి అందరికన్నా ముందు బయటపడ్డాడు. ఆ వెంటనే ఆ దారి మంటలు మూసేశాయి. వెనక తలుపు దగ్గర పదకొండు మంది పోయారు. నా పక్క మెషిన్ పిల్ల నన్ను కిటికీలోంచి తోసింది. తను రాలేదు.

వాడు తాళం వేయడం చూసినవాళ్లలో నేనొక్కదాన్నే మిగిలాను.

మార్చి 10

గిన్నె మాడ్చాను. చెల్లెలు వచ్చి దాన్ని తోమిపెట్టింది. రెండు తిట్లు తిట్టినా బాగుండేది.

ఏప్రిల్ 2

సూపర్‌వైజర్ మీద నడుస్తున్న కేసులో మా లాయర్ ఇంటికొచ్చాడు. నా జబ్బు సంగతి అవతలివాళ్లకు తెలిసిపోయిందట. కోర్టులో నన్ను పిచ్చిదానిగా నిలబెడతారట. రాకపోయినా ఫర్లేదమ్మా, ఆరోగ్యం చూసుకోండి అన్నాడు. వాళ్ల నోట్లో పడటం ఎందుకక్కా అని చెల్లెలు వంత పాడింది. ఇద్దరినీ గదిలోంచి పొమ్మన్నాను.

ఏప్రిల్ 16, సాయంత్రం

సాక్ష్యం చెప్పి వచ్చాను. సూపర్‌వైజర్ లాయర్ ఇవాళ ఏ వారమో చెప్పమన్నాడు. తెలియదన్నాను. పొద్దున ఏం తిన్నారన్నాడు. తెలియదన్నాను. వెనకెవరో కిసుక్కున నవ్వారు. సూపర్‌వైజర్ తల వంచుకుని నవ్వు బిగబట్టుకున్నాడు.

అప్పుడు జడ్జి ఆ రోజు గురించి అడిగింది. చెప్పాను. ఎడమ చేత్తో తాళం వేశాడు. రెండుసార్లు లాగి చూసుకున్నాడు. ఆవిడ చివరి నుంచి మొదటికి చెప్పమంది. అలాగే చెప్పాను, ఒక్క ముక్క పోకుండా. వాడు తలెత్తాడు. వాడి కళ్లలోకి చూస్తూ, ఇది మరిచిపోయే భాగ్యం నాకు లేదన్నాను.

తేదీ చెల్లెల్ని అడగాలి

సూపర్‌వైజర్‌కు ఏడేళ్ల జైలు పడిందట. చెల్లెలు ఈ మాట నాకు చెప్పడం ఇది నాలుగోసారట. నాలుగుసార్లూ చాలదన్నానట.