ఐదు లాంచర్లు, ఒక కుడి చెయ్యి

మార్చి 3

నాన్న రబ్బరు బంతిని మళ్ళీ విసిరేశాడు. ఎడమ చేత్తో. కుడి చెయ్యి ఒళ్ళో అలా పడి ఉంది, ఎవరో పెట్టి మర్చిపోయిన వస్తువులాగా. స్ట్రోక్ వచ్చి తొమ్మిది వారాలు. ఫిజియో అమ్మాయి వెళ్తూ వెళ్తూ నన్ను గుమ్మం దగ్గర ఆపింది. ఈ రెండు మూడు నెలల్లో ఎంత కదిలితే అంత, తర్వాత కష్టమక్కా అని చెప్పింది. బంతే అక్కర్లేదట. ఆయనకు ఇష్టమైన పని ఏదైనా సరే, వేళ్ళు కదిలితే చాలట.

ముప్ఫయ్యేళ్ళు లేత్ మీద ఇనుము చెక్కిన మనిషికి పిల్లలాడుకునే బంతి ఇస్తే విసిరికొట్టడా మరి.

ఏం చేయాలనుందని అడిగాను. గడ్డంతో కంప్యూటర్ వైపు చూపించాడు. రైలు గేమ్. రిటైరయ్యాక రోజూ కాఫీ తాగి, డ్యూటీ ఎక్కినట్టు ఆ రైలెక్కేవాడు. అరవై ఒక్క స్టేషన్ల లైనులో యాభై ఎనిమిది దాటాడు. ఇంకా మూడున్నాయి.

సరే. ఆ మూడూ దాటిస్తాను.

మార్చి 4, సాయంత్రం 6

గేమ్ నొక్కితే గేమ్ రాదు. ముందు లాంచర్ వస్తుంది, అంటే గేమ్‌కు తలుపు తీసే ఇంకో ప్రోగ్రాం. అది తీరిగ్గా అప్‌డేట్ అయి ఇంకో లాంచర్‌ను పిలుస్తుంది. గేమ్ కొన్న షాపుది ఒకటి, తయారు చేసిన కంపెనీది ఒకటి, ఆ కంపెనీని కొన్న పెద్ద కంపెనీది ఒకటి, ఎంతవరకు ఆడామో దాచేది నాలుగోది, కొత్త రైలు మార్గాలు అమ్మేది ఐదోది. ఐదింటికీ ఐదు అకౌంట్లు. రెండు నెలలు ముట్టుకోలేదని ఐదూ మళ్ళీ లాగిన్ అవ్వమంటున్నాయి.

మా ల్యాబ్‌లో రోజుకు మూడొందల మందికి రక్తం తీస్తాం. మనిషికి ఒకటే నంబర్. రెండు పడితే నా ఉద్యోగం ఊడుతుంది. ఇక్కడ ఒక్క పెద్దాయన రైలు నడపడానికి ఐదుగురు మనుషులుగా లెక్కలో పడాలి.

కోపంలో పేర్లు పెట్టేశాను. పెద్దత్త, చిన్నత్త, మేనత్త, తోటికోడలు, ఆడపడుచు. పెద్దత్తను బతిమాలుకుంటే ఆడపడుచు అలుగుతుంది.

మార్చి 5

నాన్న నోట్‌బుక్ దొరికింది. లాంచర్‌కో పేజీ, స్కేలు పెట్టి కొట్టిన గీతలు. ప్రాణం లేచొచ్చింది. పెద్దత్త పేజీలో పాస్‌వర్డ్ దగ్గర ఇలా రాసి ఉంది: పాతదే. చిన్నత్త పేజీలో: పాతదే, చివర చుక్క. మేనత్తకు రెండు చుక్కలు. అలా ఆడపడుచుకు నాలుగు.

ఆ పాతది ఏమిటో ఎక్కడా లేదు. నోట్‌బుక్ అటూ ఇటూ దులిపాను కూడా. వాళ్ళ వర్క్‌షాపులో కొలతలు ఇలాగే రాసుకునేవాళ్ళు. పోయినసారి చేసినదానికీ ఇప్పటిదానికీ ఎంత తేడానో అంతే రాస్తారు. పోయినసారిది అందరి తలలోనూ ఉంటుంది కాబట్టి.

మార్చి 6

నాన్ననే అడిగాను. అంకెలు చెప్పాడు. స్ట్రోక్ తర్వాత అంకెలు తారుమారవుతున్నాయి. నాలుగు అనబోయి ఏడు అంటాడు, అన్నాక కాదని తల అడ్డంగా ఊపుతాడు. ఐదుసార్లు కొట్టి చూశాం. పెద్దత్త తలుపేసుకుని ఇరవై నాలుగు గంటల తర్వాత రమ్మంది. రీసెట్ లింక్ నాన్న పాత ఫ్యాక్టరీ మెయిల్‌కు వెళ్తుందట. ఆ ఫ్యాక్టరీయే మూతపడింది.

తమ్ముడు ఫోన్‌లో, ఎందుకక్కా ఈ తలనొప్పి, ఇంకోటి కొనేద్దాం అన్నాడు. కొత్తది కొంటే మొదటి స్టేషన్ నుంచి మొదలు. ఆ యాభై ఎనిమిదీ నాన్న మంచిగా ఉన్నప్పుడు నడిపినవిరా, చెత్తబుట్టలో వెయ్యను అని పెట్టేశాను. వాడు మంచివాడే. నాకే ఒళ్ళు మండింది. కాసేపు ఏడ్చాను కూడా.

మార్చి 7, సాయంత్రం 7

పెద్దత్త తలుపు తీసింది. ఏం కొట్టాలో తెలియక కీబోర్డ్ ముందు కూర్చున్నాను. నాన్న నా చెయ్యి పక్కకు తోసేశాడు. ఎడమ చేత్తో మొదలుపెట్టి రెండు కీల తర్వాత ఆగిపోయాడు. ఆ చేతికి తెలియదు. అప్పుడు ఎడమ చేత్తో కుడి మణికట్టు పట్టుకుని, ఎత్తి, కీబోర్డ్ మీద పెట్టాడు.

చూపుడు వేలు వణికింది. ఒక కీ. చాలాసేపు ఏమీ లేదు. ఇంకో కీ. మధ్యలో పేజీ టైమ్ అవుట్ అయింది. మళ్ళీ మొదటి నుంచి. ఏ కీలు నొక్కుతున్నాడో నేను చూడనే లేదు, వేలినే చూస్తున్నాను. నలభై నిమిషాలు.

పెద్దత్త లోపలికి రమ్మంది.

నోటికి రానిది వేలికి వచ్చు. ఆ వేలు కదిలింది. మళ్ళీ రాసుకుంటున్నాను, కదిలింది.

మార్చి 8

చిన్నత్త. పాతదే, చివర చుక్క. ఈసారి కీలు చూసి రాసుకుంటాను, ఇక నేనే కొడతానంటే ఒప్పుకోలేదు. అరగంట.

మార్చి 12

ఐదుగురూ లొంగారు. యాభై ఎనిమిదో స్టేషన్‌లో రైలు ఎలా వదిలాడో అలాగే ఉంది. ఎడమ చేత్తో మౌస్ పట్టుకుని కదిలించాడు. ఒకవైపే నవ్వాడు. నాకు ఆ వైపు చాలు.

మార్చి 20

ఈ ఐదుగురితో నేను వేగలేను. రోజూ ఎవరో ఒకరు పాస్‌వర్డ్ అడుగుతారు, నాన్న చెమటలు కక్కుతాడు. సపోర్ట్‌కు పదకొండు మెయిళ్ళు రాసి మిగతా నలుగురినీ పెద్దత్తకు లింక్ చేయించాను, ఆమె తలుపు తీస్తే అందరూ తీసినట్టే. నన్ను గుర్తుంచుకో అన్నచోట టిక్ పెట్టాను. ఇక ఒక్క క్లిక్, రైలు. గెలిచాను.

మార్చి 24

టిక్ పోయింది. నాన్నే లాగిన్ అయ్యాడు. టిక్ మళ్ళీ పెట్టాను.

మార్చి 25

మళ్ళీ పోయింది. సపోర్ట్‌కు పన్నెండో మెయిల్, కాస్త ఘాటుగానే. వాళ్ళ దగ్గర లోపమేమీ లేదట. మీ ఇంట్లోంచే ఎవరో సైన్ అవుట్ చేస్తున్నారు మేడమ్ అని జవాబు.

మార్చి 28, ఉదయం 10

సెలవు. వంటింట్లోంచి చూశాను. నాన్న ఎడమ చేత్తో మెనూ తెరిచి సైన్ అవుట్ కొట్టాడు. టిక్ తీసేశాడు. కుడి చెయ్యి తనంతట తనే కీబోర్డ్ మీదికి వచ్చింది. నాలుగు నిమిషాల్లో లోపలికి వెళ్ళాడు. మళ్ళీ బయటికి వచ్చాడు. మళ్ళీ మొదలుపెట్టాడు. రైలు జోలికే పోలేదు.

రైలు నడిపేది ఎడమ చెయ్యి. ఈ ఇంట్లో కుడి చేతికి మిగిలిన ఒకే ఒక్క పని పాస్‌వర్డ్. దాన్నే నేను పదకొండు మెయిళ్ళు రాసి ఊడపీకాను. సిగ్గేసింది.

చెప్పొచ్చు కదా నాన్నా అన్నాను. నీకు చెబితే వింటావా అన్నట్టు చూశాడు.

లింకులన్నీ తెంపేశాను. ఐదుగురూ ఎవరి కాపురం వాళ్ళదే.

ఏప్రిల్ 6

ఫిజియో అమ్మాయి మళ్ళీ బంతి ఇచ్చింది. విసిరేశాడు. కుడి చేత్తో.

ఏప్రిల్ 15

ఆరో లాంచర్ డౌన్‌లోడ్ అవుతోంది. నేను కాదు, నాన్నే పెట్టాడు. నోట్‌బుక్‌లో ఆరో పేజీ, కుడి చేత్తో రాసింది. గీతలు వంకర, అక్షరాలు ఇంకా వంకర. పాస్‌వర్డ్ దగ్గర ఒకటే మాట: కొత్తది.