దీపస్తంభానికి నూట అరవై మెట్లు

షాలిబండ,
బహుధాన్య మాఘ శుద్ధ విదియ

భీమునిపట్నంలో ఉన్న మీకు ఆండాలు నమస్కరించి రాయునది. ఇక్కడ అత్తమ్మ, నేను వేళకు తింటున్నాం, నిద్రపోతున్నాం. జ్వరం రాక రెండు నెలలైందన్న మీ మాట చదివి కొబ్బరికాయ కొట్టాను. గాలి మార్పుకని పరాయి ఊరు వచ్చిన మీకు గది ఇచ్చి, పథ్యం వండి పెడుతున్న మీ స్నేహితుని ఇల్లాలికి నా నమస్కారాలు చెప్పండి. ఆమె రుణం తీరేది కాదు.

మీరు అడిగినవాటికి వరుసగా రాస్తున్నాను. గేదె ఈనింది, పెయ్యదూడ. పెరటి గోడ వానలకు పడలేదు. ఇక మూడోది. "మెట్లెక్కేటప్పుడు గోడ పట్టుకొమ్మని అమ్మ చెప్పిందని రాశావు. ఏ మెట్లు?" అని అడిగారు. దీనికి జవాబు కాస్త పొడుగు.

ఈసారి తప్ప మీ ఉత్తరం ఎప్పుడూ రెండు వాక్యాలు దాటలేదు. "క్షేమం. అన్నం తింటున్నాను." మొదటిది చదివి వినిపించిన రోజు అత్తమ్మ కంచం పక్కకు జరిపింది. "పెద్దోడు గూడ క్షేమమనే రాసిండు. తెల్లారి పోయిండని తార్ వచ్చింది" అంది. మీ అన్నగారి ఆఖరి ఉత్తరాన్ని ఆమె మరిచిపోలేదు. రెండు రోజులు మెతుకు ముట్టలేదు. మూడోనాడు, ఇంకో కాగితం ఉంది, నేనే చూసుకోలేదని చెప్పి చదివాను. అలాంటి కాగితం లేదు.

అప్పటినుంచి మీ ప్రతి ఉత్తరానికీ నేనే కలిపి చదువుతున్నాను. ఒకసారి చెప్పింది ఇంకోసారి మారకూడదని తిథులవారీగా రాసి పెట్టుకున్నాను. మీరూ గుర్తుంచుకోండి. కార్తీక పున్నమికి ఆడవాళ్లు అలల్లో దీపాలు వదిలారు. మార్గశిరంలో వలలు లాగడానికి ఊరంతా ఒడ్డుకు వచ్చింది, మీరూ ఒక చెయ్యి వేశారు. పుష్యంలో మంచుకు పడవలు కనబడవు, పాటలు మాత్రం వినబడతాయి. దీపస్తంభానికి నూట అరవై మెట్లు, చార్మినార్ కన్నా పదకొండు ఎక్కువ. మీరు ఆయాసం లేకుండా ఎక్కారు. ఆ రోజు అత్తమ్మ మారు అన్నం పెట్టించుకుంది.

పోయిన వారం తప్పు చేశాను. మీరు దోసిట్లో సముద్రం నీళ్లు తాగారని, అచ్చం గండిపేట నీళ్లలా తియ్యగా ఉన్నాయని చదివాను. పక్కింటి అక్తరున్నీసా ఆపా కూడా కూర్చుని వింటోంది. ఆమె ఓడెక్కి హజ్‌కు పోయి వచ్చిన మనిషి.

"ఏందే ఆండాలు, సముద్రం నీళ్లు తాగిండా? నోట్ల పెడితే ఉప్పు కషాయం."

అత్తమ్మ నన్ను చూసింది. "అయితే గా మాట నా కొడుకు రాయలేదా?"

ఆపా నా ముఖం చూసింది.

"నేను చూసింది బొంబాయి సముద్రం, అమ్మా. ఒడ్డుకు ఇసుకల చెలిమె తోడితే మీఠా పానీ వస్తదంటరు. గా నీళ్లే తాగి ఉంటడు."

"గట్లనా? అయితే ఆ చెలిమె నేను చూడాలె. మాఘ పున్నమి తానానికి నన్ను తోల్కపో, కోడలా."

ఆపా బయటికి వస్తూ నా చెవిలో, "ఇగ నీ ఖైర్ లేదు, దొరికిపోతవ్" అని నవ్వింది. ఆ మనిషికి ఎన్నిసార్లు దణ్ణం పెట్టినా తక్కువే. మేం వచ్చేదాకా గేదెను కూడా తానే చూస్తానంది.

శనివారం బయలుదేరుతున్నాం. ఈలోగా ఒడ్డుకు వెళ్లి, నేను చెప్పినవాటిలో ఏవి ఉన్నాయో చూసి పెట్టండి. లేనివాటి సంగతి అత్తమ్మకు నేనే చెప్పుకుంటాను. తిడితే పడతాను. ఇంకో మాట కూడా చెప్పాలి. అవన్నీ ఆమె కోసమే కల్పించానని ఇన్నాళ్లూ అనుకున్నాను. వట్టిదని తెలిసీ, మీరు ఎక్కిన ఆ మెట్లు చదివిన రోజే నేనూ ధైర్యంగా నిద్రపోయాను.

మేం బస్సు దిగేసరికి మీరు దగ్గరికి వచ్చి నిలబడకండి. కాస్త దూరంగా ఉండి, అక్కడినుంచి ఎవరినీ పట్టుకోకుండా నడిచి రండి. మమ్మల్ని చూడనివ్వండి.

ఇట్లు,
మీ ఇల్లాలు
ఆండాలు