హారిక గొంతు

శనివారం రాత్రి, జాబ్రియా, కువైత్

హారిక కాలేజీ ఫుట్‌బాల్ జట్టు ఈ సీజన్‌లో ఇవాళ్టి దాకా ఒక్క ఆట కూడా గెలవలేదు. గోల్ కాసేది నా మనవరాలే. ముందున్న వాళ్లను అరిచి హెచ్చరించాల్సిందీ తనే. గట్టిగా మాట్లాడొద్దని పెంచింది నేనే, ఆ గొంతు లేవదు. ఆఖరి ఆటలోనూ ఇలాగే నోరు మూసుకుని నిలబడితే వచ్చే ఏడు చోటుండదని కోచ్ నిన్ననే చెప్పేసింది.

ఇవాళే ఆ ఆఖరి ఆట, ఒక గోల్ ముందున్నాం. ఆట ముగిసే వేళ అవతలి జట్టు పిల్ల బంతితో దూసుకొచ్చింది. గోల్ వెనకాల కూర్చున్న నేను ఆగలేక లేచి, "నోరు తెరువు మే!" అని గొంతు చించుకుని కేకేశాను.

అంతే. "మర్యమ్, యాడ జూస్తాండావు? ఎనక్కి రా, యల్లా!" అని హారిక మైదానం అదిరేలా అరిచింది. మన జట్టు కువైతీ పిల్ల మర్యమ్‌కు తెలుగు ఏం అర్థమైందో గానీ, త్వరగా అనే ఆ అరబ్బీ 'యల్లా' విని పరుగున వచ్చి బంతిని బయటికి తన్నేసింది. గెలిచాం! వచ్చే ఏడు కూడా గోల్ హారికదేనంది కోచ్.

ఈ గొంతు ఇక ఇంట్లోనూ లేస్తుందేమోనని కారులో దిగులు పట్టుకుంది. మందలిద్దామని నోరు తెరిస్తే, అరిచి అరిచి పోయిన గొంతులోంచి వట్టి గాలే వచ్చింది.

హారిక బొంగురుగా నవ్వింది. "జేజీ, నీ గొంతు గూడా పాయనా!"