ఒడ్డున ఉన్నవాళ్ళ మాట

చిజురూ,

అలలు ఎక్కువై పడవ రేవు పట్టక, నీ కార్డు ఆలస్యంగా చేరింది.

రేవులో తప్పు మాట అన్నావని తర్వాత ఎవరో చెప్పారట, క్షమించమని రాశావు. తప్పే మరి. మా దీవిలో పడవ ఎక్కేవాళ్ళతో ఒడ్డున ఉండిపోయేవాళ్ళు "తలుచుకుంటుంటాం" అంటారు. వెళ్ళేవాళ్ళు తల వంచి ఊరుకోవాలి. నువ్వేమో పడవ మీంచి చెయ్యి ఊపుతూ, "తలుచుకుంటుంటాను అత్తా" అని నాకే అరిచావు.

రేవంతా నవ్వింది. పడవ తాళ్ళు విప్పే ఒతోవా అయితే ఇప్పటికీ వదలడం లేదు. "ఏమే, ప్రయాణం నీదా? మూటాముల్లె ఏదీ?" అంటుంది. నేనూ నవ్వేస్తాను.

ఆ "తలుచుకుంటుంటాం" అన్న మాట, పడవ ఎక్కిన మా అన్నలకు చెప్పాను. పట్నం వెళ్ళి అక్కడే ఉండిపోయిన మా ఆయనకు చెప్పాను. నా బసలో దిగి, అగ్నిబిలం చూసి, నేల ఆవిరి మీద ఉడికిన చిలగడదుంపలు తిని వెళ్ళిన ప్రతివాళ్ళకూ చెప్పాను. నేనెప్పుడూ పడవ ఎక్కలేదు. అందుకని నాకెవరూ చెప్పలేదు. నాకొకరు చెప్పాలని నాకూ తోచలేదు.

ఆ రోజు ఇంటికొచ్చి, నువ్వు నా బసలో ఉన్నన్నాళ్ళ అలవాటుగా రెండు దుంపలు ఆవిరికి పెట్టాను. నీది చల్లారేదాకా చూసి నేనే తిన్నాను.

వసంతంలో మళ్ళీ వస్తానన్నావు, రా. వెళ్ళేటప్పుడు మాత్రం మా పద్ధతి నేర్చుకున్నానని తల వంచి ఊరుకోకు. ఆ తప్పే మళ్ళీ చెయ్యి, కాస్త గట్టిగా. పోయినసారి ఇంజను చప్పుడులో నాకు సగమే వినపడింది.

రేవు దగ్గరి అత్త