లైన్ క్లియర్ ఇచ్చిన మధ్యాహ్నం

ఏమండీ,

నమస్కారాలు. ఇక్కడ చిన్నీ, నేనూ ఆరోగ్యంగా ఉన్నాం. ఆ కొండల్లో చలి ముదిరి ఉంటుంది, మీరూ బాగున్నారనే అనుకుంటున్నాను. అందరూ క్షేమమని రాయబోయి ఆగిపోయాను. మా ఇద్దరి మటుకే రాశాను.

మీ ఉత్తరం సోమవారం అందింది. ప్రాజెక్టు సైటు నుంచి ఫోను అస్తమానం తెగిపోతోందని మీరు ఉత్తరం రాయడం ఒక విధంగా మంచిదైంది. ఫోనులో మీ గొంతు వింటే నాకు ఏడుపే తప్ప మాట రాదు.

ముందు మీరడిగిన వాటికి జవాబులు. చిన్ని నాట్యం మానలేదు. ఆదివారాలు కూచిపూడి తీసుకెళ్తూనే ఉన్నాను. ఇంటికొచ్చి వాళ్ళ మాస్టారిలాగే కళ్ళెర్రజేసి నాకు అడుగులు నేర్పిస్తోంది. నా మోకాలి నొప్పి తగ్గింది. గుణదలలో మా అక్క వాళ్ళింటికి వరద నీళ్ళు రాలేదు.

అమ్మ మందులు సరిగ్గా వేసుకుంటోందా అని అడిగారు. వేసుకుంటున్నారనే అనుకుంటున్నాను. అత్తయ్యగారు ఇప్పుడు మన దగ్గర లేరండీ, మీ తమ్ముడి దగ్గరికి వెళ్ళిపోయారు. కిరీటి ఫోనెందుకు ఎత్తడం లేదని కూడా అడిగారు. ఆ రెంటికీ కారణం ఒకటే. అది చెప్పాలంటే తుఫాను దగ్గర మొదలుపెట్టాలి.

తుఫాను తీరం దాటాక నా సెక్షన్‌లో నిలబడిన కరెంటు స్తంభాల కంటే ఒరిగిపోయినవే ఎక్కువ. ఇబ్రహీంపట్నం ప్లాంటులో కరెంటు తయారవుతూనే ఉంది, దాన్ని మా ఊళ్ళకు చేర్చే తీగలే లేవు. ఆసుపత్రి వాళ్ళు ఒకవైపు, మంచినీళ్ళ ట్యాంకు వాళ్ళు ఒకవైపు, అందరికంటే ఎక్కువగా రొయ్యల చెరువుల వాళ్ళు. చెరువులో గాలి కొట్టే ఏరేటర్లు ఆగిపోతే ఏమవుతుందో మీకు నేను చెప్పక్కర్లేదు. మామయ్యగారి రోజుల్లో ఒకసారి మన చెరువులో రొయ్యలన్నీ చచ్చి తెల్లగా తేలిపోవడం మీరు చూసినవారే.

మా పైఅధికారి డీఈ గారు ఫోను మీద ఫోను. "సుస్మితగారూ, పైనుంచి నన్ను తినేస్తున్నారండీ. సాయంత్రానికల్లా మీ ఫీడర్ ఛార్జ్ అయి ఊళ్ళకు కరెంటు రావాలి. ఎలా చేస్తారో నాకు తెలియదు."

ఉన్న మనుషుల్ని రెండు జట్లుగా పంపాను. ఒక జట్టుకి రత్తయ్య పెద్ద, మన ఊరివైపు వెళ్ళిన జట్టుకి ఎలీషా. ఎలీషా మీకు బాగా తెలుసు. చిన్ని అన్నప్రాసనకి పందిట్లో దీపాలు కట్టి, మనం ఎంత చెప్పినా వినకుండా వడ్డన కూడా తనే చేసిన లైన్‌మన్. స్తంభం మీద పని చేస్తూ చర్చి పాటలు పాడుకునేవాడు.

పని మొదలుపెట్టే ముందు తీగల్ని భూమికి కలిపే ఎర్త్ రాడ్లు తగిలించాలి. ఎటునుంచి కరెంటు వచ్చినా మనిషి మీదికి రాకుండా నేలలోకి పోతుంది. మా సెక్షన్‌లో పనికొచ్చే సెట్టు ఒక్కటే. కొత్తవి కావాలని ఎన్నిసార్లు అడిగినా స్టోర్సులో లేవన్నారు. ఆ ఒక్కటీ రత్తయ్య జట్టు పట్టుకెళ్ళింది.

"మేడం, రాడ్లు వచ్చిందాకా ఆగుదామంటారా?" అన్నాడు ఎలీషా.

ఫీడర్‌ని నేనే సబ్‌స్టేషన్‌లో దగ్గరుండి ఆపించి, తాళం వేయించి వచ్చాను. డీఈ గారి మాటలు చెవుల్లో మోగుతున్నాయి. "నేనే ఆపించాను ఎలీషా. లైన్ క్లియర్ ఇస్తున్నాను, తీగలో కరెంటు లేదు, ఎక్కు" అన్నాను.

సరే మేడం అని ఎక్కాడు. నేను గట్టు మీద నిలబడి ఆసుపత్రి వాళ్ళతో మాట్లాడుతున్నాను. వెనకనుంచి కేకలు. తిరిగి చూసేసరికి ఎలీషా తాడుకి వేలాడుతున్నాడు. ఆపేసిన లైన్లోకి కరెంటు ఎక్కడిదో ఎవరికీ అంతుపట్టలేదు. అప్పుడు చెరువుల వైపు నుంచి జనరేటర్ చప్పుడు వినిపించింది.

ఆ చప్పుడు మన షెడ్డులోంచే వస్తోంది.

బురదలో పడుతూ లేస్తూ పరిగెత్తాను. "కిరీటీ, ఆపు! ఆపెయ్యి!" అని అరిచాను. మోకాళ్ళ లోతు నీళ్ళలో ఉన్న మీ తమ్ముడు జనరేటర్ ఆపి, ముఖం తుడుచుకుంటూ నవ్వాడండీ.

"ఏంటి వదినా, కరెంటు వచ్చేసిందా?" అన్నాడు.

తర్వాత తెలిసింది. లైనుకీ జనరేటర్‌కీ మధ్య ఉండాల్సిన చేంజోవర్ స్విచ్‌లోకి నీళ్ళు పోయాయి. రొయ్యలు ఊపిరాడక పైకి తేలుతుంటే చూడలేక, దాన్ని తప్పించి జనరేటర్ వైర్లు నేరుగా మీటరు దగ్గర కలిపేశాడు. లైను వైపు ఫ్యూజులు పీకడం మరిచిపోయాడు. ఆ కరెంటు ట్రాన్స్‌ఫార్మర్‌లోకి ఎదురెక్కి, పదకొండు వేల వోల్టులై ఎలీషా పట్టుకున్న తీగలోకి వెళ్ళింది. అంతే. ఎవరికీ ఎవరి మీదా కోపం లేదు. ఒక మనిషి పోయాడు.

ఎలీషా భార్య హెలెన్ అంగన్‌వాడీ టీచరు. కబురు చెప్పడానికి నేనే వెళ్ళాను. నన్ను తిట్టలేదు. గోడకి ఆనుకుని కూర్చుని, "ఇందాక ఫోన్ చేశాడు మేడం. ఈ ముసురులో స్తంభం ఎక్కబాకయ్యా అన్నాను. మేడం గారే దగ్గరుండి ఆపించారు, భయం లేదులే అన్నాడు" అంది. అప్పట్నుంచీ ఆ మాట నన్ను అన్నం తిననివ్వడం లేదు.

విచారణకి ముందు డీఈ గారు పిలిచి కూర్చోబెట్టారు. "కంపెనీ అసలే నష్టాల్లో ఉందమ్మా. దీనికితోడు తుఫాను. రాడ్లు లేకుండా ఎక్కించామని బయటపడితే కేసులు, కమిషన్ విచారణలు, యూనియన్ ధర్నాలు. మీ ఉద్యోగం కూడా ఉండదు. లైన్ క్లియర్ ఇవ్వకముందే తొందరపడి ఎక్కాడనండి, చాలు. మీ మరిది పేరు కూడా రాకుండా నేను చూసుకుంటాను."

ఇంటికొస్తే అత్తయ్యగారు నా చేతులు పట్టుకున్నారు. "కిరీటి నీకు మరిదా? బిడ్డలాంటోడు గదే. పోయినోడి మీద ఒక్క మాట పడితే ఏం పోద్దమ్మా? ఉన్నోడి బతుకు నిలబడుద్ది" అని ఏడ్చారు. కిరీటి మాత్రం ఏమీ అడగలేదు. గుమ్మం పక్కన నిలబడి నేల చూస్తున్నాడు.

మీకు ఇన్నాళ్ళూ చెప్పలేకపోయింది ఇదేనండీ. విచారణలో ఎలక్ట్రికల్ ఇన్‌స్పెక్టర్ గారు అడిగినప్పుడు ఉన్నది ఉన్నట్టు చెప్పేశాను. ఎలీషా ఆగుదామన్నాడని, రాడ్లు లేకుండా నేనే ఎక్కమన్నానని చెప్పాను. జనరేటర్ మా మరిది కిరీటిది అని కూడా నా నోటితోనే చెప్పాను. మిమ్మల్ని అడగలేదు. అడిగితే మీరు వద్దంటారేమోనని భయం. వద్దంటే ఆగిపోతానేమోనని ఇంకా భయం.

వరండాలో ఉన్న కిరీటి లోపలికి వచ్చి, "వదిన చెప్పింది నిజమేనండి. కలిపింది నేనే" అన్నాడు. ఆ సాయంత్రమే పోలీసులు తీసుకెళ్ళారు.

ఇప్పుడు బెయిలు మీద తన ఇంట్లోనే ఉన్నాడు. చెరువు ఎండగట్టేశాడు. రోజంతా ఆ గట్టు మీద కూర్చుంటున్నాడట, ఎవరితోనూ మాట్లాడడట. అతని మీద కేసు నడుస్తోంది. నన్ను సస్పెండ్ చేశారు. హెలెన్‌కి ఎలీషా తప్పు లేదని తేలింది కాబట్టి పరిహారం రావడానికి ఇక అడ్డేమీ లేదన్నారు. ఆ మాట చెబుదామని వెళ్తే తల ఊపింది గానీ నా ముఖం చూడలేదు. చూడాలని అడిగే హక్కు నాకు లేదు.

మొన్న మందులు ఇవ్వడానికి వెళ్ళినప్పుడు అత్తయ్యగారు గుమ్మంలోనే అందుకున్నారు. "వాడికి నిద్ర పట్టట్లేదు" అన్నారు. లోపలికి రమ్మనలేదు. కిటికీలోంచి కిరీటి వీపు కనిపించింది. పిలుద్దామనుకుని, పిలవకుండానే వెనక్కి వచ్చేశాను. మన పెళ్ళినాటికి నిక్కర్లేసుకుని తిరిగిన పిల్లాడు, నేను వడ్డిస్తేనే తినేవాడు.

సెలవు దొరికితే రండి. కానీ విజయవాడలో రైలు దిగాక ముందు మన ఇంటికి రాకండి. తిన్నగా కిరీటి దగ్గరికి వెళ్ళండి. నా తరఫున ఏమీ మాట్లాడకండి, వదిన చేసింది న్యాయమే అనకండి. ఊరికే ఆ గట్టు మీద అతని పక్కన కూర్చోండి. నేను కూర్చోలేని చోటు అదొక్కటే. మీరు అక్కడ ఎన్నాళ్ళున్నా నేను ఇదేమిటని అడగను.

ఇట్లు,
మిమ్మల్ని ఏమని ఓదార్చాలో తెలియని
మీ భార్య
సుస్మిత