సోనారి పెరట్లో బఠాణీ

సోనారి, జంషెడ్‌పూర్
20 ఆగస్టు 1978

ప్రియమైన కాంతం అత్తకు,

ఈసారి కవరులో రాస్తున్నాను. నేనే అంటించి, నేనే వెళ్లి డబ్బాలో వేస్తాను. పోయిన నెల నీకు రాసిన కార్డు డబ్బాలో పడేలోపే మా ఇంట్లో అందరూ చదివేశారు. అందులో ఏముందనీ? "తొందరగా కాసే బఠాణీ గింజలు కాసిని పంపు, ఎప్పుడు వేయాలో రాయి" అని రెండు ముక్కలు. దాన్ని వీళ్లు ఎలా చదువుకున్నారో తెలుసా? నీ కొడుకు సూర్యం బావని చేసుకోవడానికి నేను ఒప్పేసుకున్నానట! మేనత్తకి ఉత్తరం రాసే మేనకోడలికి ఇంకో పని ఉండదని వీళ్ల నమ్మకం.

నాన్న మాత్రం ప్లాంటు నుంచి వచ్చి, కార్డు అటూ ఇటూ తిప్పి, "ఇందులో మటర్ తప్ప ఏటీ లేదు కదే" అన్నాడు పాపం. మీ అమ్మ సన్యాసమ్మగారు మంచం మీంచి లేవకుండానే తీర్పు చెప్పేసింది: "ఆడపిల్ల నోటితో చెప్పుద్దేటిరా? మటరని రాత్తాది. మనమే తెలుసుకోవాల."

బీఎస్సీ బోటనీ పాసై ఇంట్లో ఉన్నాను. గదుల్లో తిరిగితే కాలు నిలవదంటారు, పెరట్లో తవ్వితే పెళ్లి బెంగ అంటారు. అసలు సంగతి ఇది. నిరుడు అమ్మ బజారు బఠాణీలు నానబెట్టి, చిక్కుడు గింజలతోపాటు ఆషాఢం వానల్లోనే పెట్టింది. పైగా పందిరి! చిక్కుడు పండించిన మన శ్రీకాకుళం చేతులకి కాయ అనగానే పందిరే గుర్తొస్తుంది. వారం తిరక్కుండా గింజలన్నీ కుళ్లి వాసన కొట్టాయి. "ఈ నేలకి మటర్ రాదు" అని అమ్మ తేల్చేసింది. తప్పు నేలది కాదని నా అనుమానం. అది తేల్చుకోవాలని ఉంది, అంతే.

గింజలు పంపు. పెళ్లి మాట పంపకు.

నీ మేనకోడలు,
పద్మకుమారి


రాంచీ
30 ఆగస్టు 1978

చిరంజీవి పద్మకి అత్త దీవెనలు.

కార్డు వద్దని కవరు రాశావా? దాన్ని చూసి మీ మామయ్య, "గోప్యంగా రాసిందంటే ఖాయమే" అన్నాడు. నువ్వు ఎందులో రాసినా ఒకటే పిల్లా!

గింజలు గుడ్డసంచిలో కుట్టి పంపుతున్నాను. రకం పేరు ఆర్కెల్. గింజ ముడతలు పడి ఉంటుంది, పాడైపోయిందని పారేసేవు. దాని పుట్టుకే అంత. మొక్క మోకాలెత్తు దాటదు కాబట్టి పందిరి వద్దని మీ అమ్మకి చెప్పు, పక్కన నాలుగు కంపలు గుచ్చితే పట్టుకుని నిలబడతాయి. మడి ఎత్తుగా చెయ్యి, నీళ్లు నిలవనివ్వకు. నేను ఏటా వినాయక చవితి వెళ్లిన మర్నాడు వేస్తాను. దీపావళి దాటేసరికి కాయ కోస్తాను. అప్పటికి బజారులో ఇంకా ఎవరి దగ్గరా ఉండదు, వీధంతా నా పెరటికేసి చూస్తుంది. నాకు ఆ సంబరం చాలు.

పెళ్లి మాట పంపడం లేదు. సంచి కుట్టింది మాత్రం సూర్యం. కుట్లు వంకరగా ఉన్నాయని నవ్వకు.

ఏ ఆశా లేదని చెప్పుకుంటున్న
మీ అత్త, కాంతం


సోనారి
28 సెప్టెంబరు 1978

ప్రియమైన అత్తకు,

నీ గింజలు రాగానే అమ్మ అరచేతిలో పోసుకుని చూసింది. "ఏటే ఇవి? మీ అత్త ముసిలి గింజలంపింది!" అంది. నానమ్మ ఊరుకుంటుందా? "నా కూతురు పంపినవే ముసిలి గింజలా? నువ్వు నిరుడు ఏసినవి పడుచు గింజలేటి, మరి మొలవలేదేం?" అని అందుకుంది. ఆ పూట అత్తాకోడళ్లు ఇద్దరూ భోజనాల దగ్గర ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు. నాకు మాత్రం భలే కాలక్షేపం అయింది.

నువ్వు చెప్పినట్టే చేశాను. చవితి మర్నాడు, ఎత్తు మడి, నీళ్లు నిలవకుండా. సగం గింజలే వేసి సగం దాచుకున్నాను, మంచిదైంది. మొలవని చోట తవ్వి చూస్తే గింజ వేలి కింద జావలా నలిగిపోయింది. మొలిచినవి జానెడు లేచి, మొదలు దగ్గర గోధుమరంగు తిరిగి, ఒక్కొక్కటీ పక్కకి పడిపోయాయి. ఎండ చూస్తే వేసవిలా ఉంది, మధ్యలో వాన. మొలక పక్కన చెయ్యి పెడితే మట్టి గోరువెచ్చగా ఉంది.

అమ్మ వచ్చి చూసింది. "నే చెప్పలేదా" అంటుందని పళ్లు బిగపట్టుకున్నాను. లోపలికి వెళ్లి టీ పెట్టి తెచ్చి ఇచ్చింది. తిట్టినా బాగుండేది.

మీ అన్నయ్య గొడవ వేరు. "మీ అత్త పెట్టిన ముహూర్తం తప్పదు" అంటాడు నవ్వుతూ. ఆయన అంటున్నది ఈ మడి గురించి కాదని నాకు తెలుస్తూనే ఉంది. నేను ఎక్కడ పొరబడ్డాను అత్తా? నిన్ను తప్ప ఎవర్నీ అడగలేను. ఈ ఇంట్లో నేను అడిగింది అడిగినట్టుగా వినేవాళ్లు లేరు.

పద్మ


రాంచీ
5 అక్టోబరు 1978

చిరంజీవి పద్మకి,

నీ చేతిలో లోపం లేదు. నేను చెప్పిన తేదీ మా ఊరిది. మేం మీకంటే ఎత్తులో ఉన్నాం, చవితి వెళ్లేసరికి మాకు రాత్రిళ్లు దుప్పటి కావాలి. మీకు అప్పటికి పంకా ఆపితే ఉక్క. బఠాణీ చలికి పుట్టిన మొక్క. మరీ ముందు వేస్తే వేడికీ తడికీ కుళ్లుతుంది, మరీ ఆలస్యం చేస్తే కాయ పట్టే వేళకి ఎండలు ముదిరి, ఆకుకి బూడిద తెగులు వస్తుంది.

మీ ఊళ్లో ఎప్పుడో నేను చెప్పలేను, నువ్వే కనిపెట్టాలి. పొద్దున్నే కుళాయి కింద చెయ్యి పెడితే జివ్వుమనాలి. మట్టి పిడికిట పట్టి వదిలితే ముద్ద కట్టకుండా పొడిపొడిగా విడిపోవాలి. అప్పుడు వెయ్యి. గింజలన్నీ ఒక్కసారే వెయ్యకు.

కార్తీకంలో సూర్యం ఫ్యాక్టరీ పని మీద టాటానగర్ వస్తాడు. మీ ఇంటికి వచ్చి భోంచేసి వెళ్లమన్నాను. భోజనానికే.

అత్త


రాంచీ
10 డిసెంబరు 1978

చిరంజీవి పద్మకి,

సూర్యం వచ్చి వెళ్లాక నీ దగ్గర్నుంచి ఒక్క ముక్క లేదు. వాణ్ని అడిగితే "మటర్ ఫస్ట్‌క్లాస్‌గా ఉంది" అంటాడు. పద్మ ఏమందిరా అంటే కూడా "మటర్ ఫస్ట్‌క్లాస్" అనే అంటాడు. నాకు తిక్క పుడుతోంది.

నీకు చెప్పకుండా ఒక పని చేశాను. మీ నాన్నకి నేనే రాశాను, మార్గశిరం వెళ్లేలోపు తాంబూలాలు మార్చుకుందామని. ఇరవై నాలుగో తారీకు ఆదివారం మంచిదన్నాడు. మేం ముగ్గురం వస్తాం.

ఎందుకు రాశానంటే, ఈ ఇంట్లో ఇద్దరు మగవాళ్లకీ కాయ పళ్లెంలోకి వచ్చాకే కనబడుతుంది. పూత వచ్చిందని పిలిస్తే వచ్చి చూసే మనిషి నాకు లేదు. నీ ఉత్తరాలు వచ్చినప్పటి నుంచి పెరట్లోకి వెళ్తే నువ్వు పక్కన ఉన్నట్టే మాట్లాడుకుంటున్నాను. నా స్వార్థమే అనుకో.

నువ్వు ఏదైనా రాయి. రాయకుండా మాత్రం ఉండకు.

అత్త


సోనారి
16 డిసెంబరు 1978

ప్రియమైన అత్తకు,

ఎదురింటి వెంకటరావుగారు రాంచీ బస్సు ఎక్కుతున్నారు. ఆయన చేతికి ఈ ఉత్తరమూ, ఒక సంచీ ఇస్తున్నాను. సంచిలోవి ఈ పొద్దున కోసిన కాయలు. నువ్వు ఒలుచుకుని పచ్చివే తిను, ఆ తర్వాత మిగతా వాళ్లకి పెట్టు.

దసరాకి ముందు ఒక వరుస, దసరా వెళ్లాక ఒక వరుస, దీపావళికి ఒకటి వేశాను. మొదటి దాంట్లో సగం పడిపోయాయి. రెండోది వేసిన పొద్దున కుళాయి నీళ్లకి చెయ్యి వెనక్కి తీసుకున్నాను. ఆ వరుస మొత్తం నిలబడింది, నీకు పంపినవి దానివే. మూడోది ఇప్పుడు తెల్లగా పూసి ఉంది. సోనారిలో తొందరగా కాసే రకానికి అదను దసరా వెళ్లాక. ఇది నాకు ఒకరు చెప్పినది కాదు కాబట్టి, ఎవరు అడిగినా ధైర్యంగా చెప్తాను.

అమ్మ ఒక కాయ ఒలిచి నోట్లో వేసుకుని, "ఏటే, పంచదార నీళ్లు పోసినావా?" అంది. పందిరి కర్రలు తనే ఊడబీకించింది.

ఇక బావ సంగతి. భోజనం అయ్యాక మడి దగ్గర గట్టు మీద కూర్చున్నాడు. "నిజం చెప్పు, ఆ ఉత్తరాలు మటర్ గురించేనా?" అన్నాడు. "అవును బావా" అన్నాను. మట్టిగడ్డ ఒకటి తీసి చిదిపాడు. తర్వాత నవ్వేశాడు. "రెండిళ్లలో ఇంతమందిమి ఉన్నాం, నీ చేతిరాత ఒక్కళ్లకీ చదవడం రాలేదన్నమాట" అన్నాడు. ఇష్టమేనా అని అడిగాడు. లేదన్నాను. "అమ్మకి నువ్వే చెప్పు, నాకు దమ్ము లేదు" అని టాటానగర్ వెళ్లే ఆటో ఎక్కేశాడు. నిన్ను మటర్ కబుర్లతో తిప్పింది అందుకే. బావని ఏమీ అనకు.

బావలో వంక పెట్టడానికి ఏమీ లేదు. ఇన్నాళ్లూ నేను రాయనిది వేరే కారణానికి. నాకు కావలసింది నువ్వు. పొద్దున్నే నీతో పెరట్లో తిరగడం ఊహించుకుంటే, అయితే ఒప్పుకుంటే ఏం పోయింది అని నాలుగు రోజులు నిజంగానే అనిపించింది. ఆ నాలుగు రోజుల్లో బావ మొహం ఒక్కసారి కూడా గుర్తు రాలేదు. అత్త కోసం బావని చేసుకుంటే అది మంచి మనిషికి చేసే మోసం.

నాన్నకి నిన్న చెప్పాను. "మీ అత్తకి ఏ మొహంతో రాయను?" అన్నాడు. నేనే రాస్తానన్నాను. నానమ్మ గోడవైపు తిరిగి పడుకుంది. అమ్మ వంటింట్లో గిన్నెలు గట్టిగా పెడుతోంది, కానీ మధ్యాహ్నం ఉప్మాలో బఠాణీలు నా వైపే ఎక్కువ వేసింది. నాకు తిండి సయిస్తోంది, నిద్ర పడుతోంది.

ఇక్కడే బిర్సానగర్‌లో ఒక స్కూలు వాళ్లు సైన్సు టీచరు కావాలంటే అర్జీ పెట్టాను. రమ్మన్నారు. సూర్యం బావని నేను చేసుకోను. సోమవారం నుంచి ఉద్యోగంలో చేరుతున్నాను.

నీ పద్మ